అడ్డు తీయబడినది

ఈ లాకు మీద లస్కరుని నేను.
మా ఆయన పోయాక ఆయన ఉద్యోగం, ఆయన టార్చిలైటు,
ఆయన కొక్కెం కర్ర నాకొచ్చాయి.
గేజి చూసి రిజిస్టరులో రాయడం నేర్చుకున్నాను.
అడుగులు, పాయింట్లు.
సున్నాని మాత్రం ఇప్పటికీ గారెలా వేస్తానని
ఏఈ గారు నవ్వుతారు.

రామకోవెల్లో సాయంత్రాలు ధ్యానం చెప్పే విశ్వపతి గారు,
తపాలా శాఖలో చేసి దిగిపోయినాయన,
"ఊపిరిని చూడమ్మా, దాని వెంట పడకు,
ఊరికే చూడు" అన్నారు.
చూశాను.
ఊపిరి కంటే ముందు దోమ కనిపించింది.
తరవాత చీటీ డబ్బు. తరవాత పొయ్యి మీద పాలు.
తరవాత మా ఆయన ఆఖరుసారి అడిగిన మజ్జిగ,
ఇవ్వడం ఆలస్యమైన మజ్జిగ.
మూడోరోజుకి మానేశాను.
దేవుడికీ నాకూ కుదరదనుకున్నాను.

చవితి వెళ్ళిన పదకొండోనాడు
ఎగువన ఎర్రనీరు ఎక్కింది, దిగువన దిగిపోయింది.
తలుపు కింద ఏదో అడ్డం.
కొక్కెం వేసి లాగితే
ముందు గుర్రపుడెక్క, చాపంత.
బంతిపూల దండ, కొబ్బరిచిప్ప, ఎవరిదో ఎడమకాలి చెప్పు.
ఆ వెనకాల తొండం.

రంగంతా కరిగి, లోపలి గడ్డీ ఇనపచువ్వా బయటపడి,
సగం బొజ్జతో సామి
తూముకి అడ్డంగా పడుకుని ఉన్నాడు.
విఘ్నాలు తీసేవాడివి,
నువ్వే విఘ్నమైతే నిన్నెవరు తియ్యాలయ్యా అన్నాను.
కుచ్చిళ్ళు ఎగదోపి మొలలోతు దిగాను.
చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు చంకల కింద చేతులు వేసి లాగాను.
రాడు. మళ్ళీ లాగాను.
ఒక్కసారిగా వదిలాడు.
నా మోకాళ్ళ సందులోంచి నీళ్ళు పరిగెత్తాయి
బడి వదిలిన పిల్లల్లాగ.

గట్టు మీద కూచోబెట్టాను. పక్కన నేనూ కూచున్నాను.
ఇద్దరం తడిసి ఉన్నాం. ఇద్దరికీ వణుకే.
అప్పుడు వినబడింది,
పై తలుపు కింద నీరు లోపలికొచ్చే చప్పుడు,
తొట్టిలో అది కాసేపు ఊరుకోవడం,
కింది తలుపు దాటి వెళ్ళిపోవడం.
వచ్చేదాన్ని నేను పిలవలేదు. వెళ్ళేదాన్ని ఆపలేను.
ఎంత ఉందో చూసి రాయడమే నా పని.
ఎంతసేపు అలా ఉన్నానో తెలీదు.
లేచేసరికి కొంగు ఆరిపోయింది,
కాకి ఒకటి సామి భుజం మీద వాలి నన్ను చూస్తోంది.

ఆయన చేసి చూపించమన్నది ఇదేనా అని
విశ్వపతి గారిని అడగలేదు. ఆ వారం ఆయనకి జ్వరం.

చువ్వ ఊడదీసి,
మిగిలిన మట్టిని రెండు చేతులా పిసికి
దిగువ నీళ్ళలో కలిపాను.
సార్వా చేలకి పోతుంది.
రిజిస్టరులో రిమార్కుల గడి దగ్గర ఆగి ఆలోచించి
"అడ్డు తీయబడినది" అని రాశాను.

రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను.
శివారు నుంచి పితాని సూర్రావు,
పది రోజులుగా తిట్టడానికే చేస్తున్న నంబరు.
తిట్టుకి చెవి సిద్ధం చేసుకుని తీశాను.
మాట్లాడలేదు.
ఫోను మడి దగ్గర పెట్టినట్టున్నాడు,
బోదెలోంచి చేలోకి నీరు జారే గుడగుడ
చాలాసేపు వినిపించాడు.
తరవాత, "వినబడిందాండీ?"
"ఆయ్" అన్నాను.
అంతకన్నా మంత్రం నా నోట్లో లేదు.
ఆ నీళ్ళల్లో ఎవరొచ్చారో అతనికి చెప్పలేదు.

ఇప్పుడు తెల్లారగట్ల గేజిరాయి పక్కన కూచుంటాను.
డెక్క వస్తుంది, లాగుతాను, మళ్ళీ వస్తుంది.
మజ్జిగా వస్తుంది.
దాన్ని మాత్రం కొక్కెంతో లాగబుద్ధి కాదు,
పక్కన కూచోమంటాను.

ఆ చువ్వ పారెయ్యలేదు.
లాకుగది తలుపుకి గడియ విరిగితే అది దూర్చాను.
రాత్రిళ్ళు కాలువ గాలికి చిన్నగా కదుల్తుంది.
ఎవరని అడగను.